ఖాళీ చేసే రోజు గురించి కూడా రాయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం.

ఇష్టమైన సంగీతం చుట్టూ ఆన్‌లైన్‌లో అభిమాన సంఘం ఎలా పెట్టుకోవాలో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఏ యాప్ తెరవాలి, గ్రూపుకి పేరు ఎలా పెట్టాలి, మొదటి వందమందిని ఎలా కూడగట్టాలి, అన్నీ ఓపిగ్గా చెప్పారు. ఐదు నిమిషాల్లో సంఘం సిద్ధమవుతుందన్నారు. నిజమే, ఐదు నిమిషాలే పడుతుంది. బయటికి రావడానికి మాత్రం మాకు ఒకసారి ఏడు నెలలు పట్టింది. ఇంకోసారి కట్టుబట్టలతో బయటపడ్డాం. అద్దెకు దిగేవాళ్లకి గుమ్మం ఎటుందో చెప్పి, ఖాళీ చేసే రోజు సామాను ఎలా దించుకోవాలో చెప్పకపోతే ఎలా? అందుకే ఈ ఉత్తరం.

నేను 31 ఏళ్లు గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం కేటలాగు పనే. వచ్చిన ప్రతి పుస్తకానికీ నంబరు వేయడం, రచయిత పేరు సరిచూడడం, ఎవరు వచ్చి అడిగినా దొరికేలా పెట్టడం. ఆ అలవాటే నన్ను ఇందులోకి లాగింది. ఒక పాట గురించి అడిగితే గాయకుడి పేరు, సంగీత దర్శకుడి పేరు ఎవరైనా చెబుతారు. మధ్యలో వచ్చే ఆ వయొలిన్ ఎవరిది, ఆ వేణువు ఎవరు ఊదారు అంటే జవాబు ఉండదు. పాత రికార్డుల లేబుళ్ల మీద ఆ పేర్లకు చోటు దొరకడం అరుదు. స్టూడియోకి వచ్చి, నొటేషన్ చూసి వాయించి, ఆ పూటకి రావాల్సింది తీసుకుని వెళ్లిపోయినవాళ్లు వాళ్లు. ఆ పేర్లు పోగుచేద్దామని 2007లో ఏడుగురం మొదలుపెట్టాం. ఇప్పుడు తొమ్మిది వందల మందికి దగ్గరగా ఉన్నాం. ఈలోపు నాలుగుసార్లు ఇల్లు మారాం.

మొదటిది ఒక చిన్న ఉచిత వేదిక. ఆరేళ్లు హాయిగా గడిచాయి. తర్వాత దాన్ని నడిపేవాళ్లు, మూసేస్తున్నామని రెండు నెలల ముందే మెయిల్ పంపారట. 'అట' అని ఎందుకంటున్నానంటే, ఆ మెయిల్ వెళ్లింది మేం మొదట్లో ఎప్పుడో ఇచ్చిన చిరునామాకి. దాన్ని తెరిచి అప్పటికి మూడేళ్లయింది. ఒకరోజు ఉదయం లింకు నొక్కితే తెల్లటి తెర. ఆరేళ్ల మాటలు, సవరణలు, వాదనలు ఏవీ లేవు. తప్పు నాదే, ఒప్పుకుంటాను. లైబ్రరీలో ఏటా స్టాక్ వెరిఫికేషన్ చేయించిన మనిషిని, ఇక్కడ ఒక్కసారి కూడా ఏముందో ఏం పోయిందో చూసుకోలేదు. చివరికి మమ్మల్ని కాపాడింది మా సభ్యుల్లో ఒక పెద్దాయన. తెర మీద చదవడం కళ్లకు కష్టమని, నచ్చిన చర్చలన్నీ ప్రింటు తీయించి బైండు చేయించుకున్నారు. మొత్తం 212 పేజీలు. ఆయన ప్రింట్ల సంగతి విని మా కుర్రవాళ్లు నవ్వుకునేవారు. ఆ నవ్వినవాళ్లే నలుగురు పేజీలు పంచుకుని మళ్లీ టైపు చేశారు.

చిన్న వేదిక కాబట్టి అలా అయింది, పెద్ద కంపెనీది అయితే ఫర్వాలేదు అనుకుంటారేమో. గూగుల్ వాళ్ల ఆర్కుట్ 2004లో వచ్చింది, 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న పోయింది. యాహూ గ్రూప్స్‌లో 2019 అక్టోబరు నుంచి కొత్తవి ఏవీ పెట్టనివ్వలేదు, తర్వాత పాతవి చెరిపేశారు, 2020 డిసెంబరు 15న పూర్తిగా తాళం వేశారు. మైస్పేస్ అయితే మూతపడను కూడా లేదు. సర్వర్లు మార్చేటప్పుడు, అంతకుముందు పన్నెండేళ్లలో జనం ఎక్కించుకున్న పాటలు పోయాయని 2019 మార్చిలో బయటపడింది. ఐదు కోట్లకు పైగా పాటలని అప్పట్లో వార్తలు వచ్చాయి. వాటిలో 4.9 లక్షల పాటలు మాత్రం తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భాండాగారానికి చేరాయి. సంగీతం మీద ఏదో పరిశోధన చేస్తున్నవాళ్లు తమ పనికోసం ఎప్పుడో కాపీ చేసి పెట్టుకోవడం వల్ల మిగిలినవి అవి. అక్కడ కూడా మా బైండు పెద్దాయన లాంటివాళ్లే దిక్కయ్యారన్నమాట.

రెండో ఇల్లు ఒక పెద్ద సోషల్ నెట్‌వర్క్‌లో గ్రూపు. జనం బాగా వచ్చారు, అది నిజం. రెండేళ్లలో ఏడెనిమిది రెట్లయ్యాం. అయితే మేం మాట్లాడుకునే తీరే మారిపోయింది. ఎవరి పోస్టు ఎవరికి కనిపించాలో మా చేతిలో లేదు. వయొలిన్ బృందంలో విల్లు పైకీ కిందికీ అందరిదీ ఒకేలా ఎందుకు వెళ్తుందో ఒక సభ్యురాలు ఒక రాత్రంతా కూర్చుని రాస్తే నలుగురు లైక్ కొట్టారు. అదే రోజు ఒకాయన ఇద్దరు గాయకుల ఫొటోలు పక్కపక్కన పెట్టి 'మీ ఓటు ఎవరికి?' అంటే రెండు వందలు దాటాయి. మర్నాటి నుంచి ఓట్ల పోస్టులే. మనుషులు చెడ్డవాళ్లు కాదు. దేనికి చప్పట్లు వస్తాయో అదే చేస్తారు, వేదిక మీద ఎవరైనా అంతే. చప్పట్ల మీటరు ఎక్కడ పెట్టాలో మన చేతిలో లేని చోట మనం ఏ నియమాలు రాసుకున్నా వృథా. (ఇప్పుడు మా దగ్గర 'ఎవరు గొప్ప' అని ఒక గది విడిగా ఉంది. అందులోకి వెళ్లి తలుపు వేసుకుని ఎంతైనా కొట్టుకోవచ్చు. మా మొత్తం నియమాల్లో బాగా పనిచేసింది ఇదొక్కటే.)

ఆ గ్రూపులోనే ఇంకో దెబ్బ తిన్నాం. ఒక వేణువు బిట్ గురించి అడగడానికి నలభై సెకన్ల ముక్క పెట్టాను. యంత్రం పోల్చి చూసి కాపీరైట్ అంటూ నా ఖాతా ఆపేసింది. పాట హక్కులు నావి కావు, అందులో వాదించడానికి ఏమీ లేదు. అసలు సమస్య, గ్రూపుకి అడ్మిన్‌ని నేనొక్కదాన్నే. మూడు వారాలు ఆ గ్రూపు తల లేని మొండెంలా నడిచింది. సగం పోస్టులు చలువ కళ్లద్దాల ప్రకటనలే. ఎవరూ తీసేయలేరు, కొత్తవాళ్లని చేర్చుకోలేరు. అప్పటినుంచీ మా దగ్గర ముగ్గురికి తక్కువ కాకుండా అడ్మిన్లు ఉంటారు. ముగ్గురిలో ఒకరు మనతో అస్తమానం విభేదించే మనిషైతే ఇంకా మంచిది. ఆ మనిషి మొహమాటానికి పోకుండా లెక్క అడుగుతారు.

పాటల ముక్కలు పెట్టడం కూడా మానేశాం. అధికారికంగా పాట ఎక్కడుందో ఆ లింకు, దాని పక్కన 'రెండో నిమిషం 14వ సెకను' అని రాస్తాం. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఒకే పాట ఒక చోట కాస్త వేగంగా, శ్రుతి పెరిగి ఉంటుంది, ఎందుకంటే పాత టేపు ఏ స్పీడులో తిరిగిందో దాన్ని బట్టి. అందుకని రికార్డు లేబుల్ మీద ఉండే కేటలాగు నంబరు కూడా రాయమంటాం. కొత్తవాళ్లు మొదట విసుక్కుంటారు. ఒకసారి ఇద్దరు నెలరోజులు శ్రుతి గురించి పోట్లాడుకుని, చివరికి వింటున్నది రెండు వేర్వేరు విడుదలలని తేలాక, ఇక ఎవరూ విసుక్కోలేదు. వేదిక ఎంచుకునేటప్పుడు ఇది కూడా చూడాలి. పాటలు పంచుకోవడానికి వీలుందా అని చాలామంది మొదట అడుగుతారు. మనవి కాని పాటలు పంచుకోవడం మీద నిలబడిన సంఘం ఏ రోజైనా కూలుతుంది. డిస్కార్డ్ అనే చాట్ వేదికలో అందరూ కలిసి పాటలు వినిపించుకునే గ్రూవీ, రిథమ్ అనే బాట్లు, అంటే వాటంతటవే పనిచేసే చిన్న ప్రోగ్రాములు, ఉండేవి, కోట్లమంది వాడారు. 2021లో యూట్యూబ్ నోటీసులు పంపింది. ఆగస్టు చివర్లో ఒకటి, సెప్టెంబరు మధ్యలో ఇంకొకటి ఆగిపోయాయి.

మూడో ఇల్లు ఫోన్‌లో చాట్ గ్రూపు. దీని గురించి రాయడం నాకు కష్టం. 'అందరి ఫోన్లోనూ ఉండేది ఇదే కదా, కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేదు' అని నేనే పట్టుబట్టాను. సందడి బాగానే ఉండేది. కానీ చేరిన ప్రతివాళ్ల నంబరూ మిగతా అందరికీ కనిపించేది. వయొలిన్ నేర్చుకుంటున్న ఒక విద్యార్థిని మాలో ఉండేది. పాట వింటూ ఇది ఒక్క వయొలినా, ఎనిమిదా, పన్నెండా అని చెప్పేసేది. ఏ తీగ మీద వాయిస్తున్నారో కూడా చెప్పేది. ఒకరోజు ఏమీ చెప్పకుండా గ్రూపులోంచి వెళ్లిపోయింది. పరీక్షలేమో అనుకున్నాం. చాలా రోజుల తర్వాత విడిగా మాట్లాడితే చెప్పింది, గ్రూపులోంచి నంబరు తీసుకుని ఎవరో అర్ధరాత్రి ఫోన్లు చేసేవారట. 'మీకు చెబితే గ్రూపులో గొడవవుతుంది కదా ఆంటీ, అందుకే చెప్పలేదు' అంది. సంఘం పెట్టేటప్పుడు నేను రంగులు ఎంచాను, పేరు ఎంచాను, గుర్తు గీయించాను. ఇంట్లోకి వచ్చేవాళ్ల ఫోన్ నంబర్లు గుమ్మం మీద రాసిపెడుతున్నామన్న సంగతి నాకు తట్టలేదు. ఆ అమ్మాయి తిరిగి రాలేదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక సవరణ. వాట్సాప్ గ్రూపులో 256 మంది వరకే పడతారని మీ వ్యాసంలో ఉంది. అది పాత లెక్క. 2022లో దాన్ని 512 చేశారు, అదే ఏడాది చివర్లో 1,024 చేశారు. టెలిగ్రామ్ గ్రూపులో రెండు లక్షల మంది దాకా పడతారు, అక్కడ ఫోన్ నంబరు దాచుకునే వీలూ ఉంది. కాకపోతే ఎంతమంది పడతారన్నది నా దృష్టిలో ముఖ్యమైన ప్రశ్నే కాదు. చాట్ అంటే పారే నీళ్లు. 'ఈ పాటలో మాండలిన్ ఎవరు?' అన్న ఒకే ప్రశ్న మా దగ్గర ఒక్క ఏడాదిలో పదకొండుసార్లు వచ్చింది. పదకొండుసార్లూ జవాబు చెప్పారు పాపం. పన్నెండోసారి అడిగినప్పుడు, తెలిసిన మనిషి గ్రూపుని మ్యూట్‌లో పెట్టుకుని ఉన్నారు.

నాలుగోది కుర్రవాళ్లు తీసుకెళ్లిన చోటు. గదులుగా విడదీసి మాట్లాడుకునే చాట్ సర్వర్. తీగ వాద్యాలకు ఒక గది, తాళ వాద్యాలకు ఒకటి, గొంతు కలిపి మాట్లాడుకోవడానికి ఇంకొకటి. నిజం చెప్పొద్దూ, ఈ పదిహేడు పద్దెనిమిదేళ్లలో నేను బాగా సంతోషపడ్డ సాయంత్రాలు అక్కడివే. శనివారం రాత్రి ముప్పై నలభై మందిమి కలిసేవాళ్లం. ఎవరి పాట వాళ్ల దగ్గర తెరిచి పెట్టుకునేవాళ్లం. 'మూడు, రెండు, ఒకటి' అనగానే అందరం ఒకేసారి ప్లే నొక్కి, మాట్లాడకుండా వింటూ టైపు చేసేవాళ్లం. 'ఇప్పుడు... ఎడమ స్పీకర్లో...' అని ఒకరు, 'ఆ గంట విన్నారా' అని ఇంకొకరు. పాట అయ్యాక కాసేపు ఎవరూ ఏమీ రాసేవారు కాదు. కచేరీ అయ్యాక చప్పట్లకు ముందు ఉండే నిశ్శబ్దం ఉంటుందే, అచ్చం అలా.

పెద్దవాళ్లు మాత్రం ఇమడలేదు. బైండు పెద్దాయన ఒక వారం తిరిగి చూసి, 'ఇదేదో రైల్వే కంట్రోల్ రూములా ఉందమ్మా, ఎక్కడ చూసినా దీపాలు వెలుగుతున్నాయి' అని మానేశారు. అంతకన్నా పెద్ద లోటు తర్వాత తెలిసింది. అక్కడ రాసిందేదీ బయట వెతికేవాళ్లకి దొరకదు. సెర్చ్ ఇంజన్‌కి ఆ గదుల్లోకి దారి లేదు. మేం కనిపెట్టిన ప్రతి పేరూ మా నాలుగు గోడల మధ్యే ఉండిపోతోంది. కేటలాగు పని చేసినదానికి ఇది ఎలా ఉంటుందో ఊహించండి. పుస్తకాలన్నీ సర్దేసి లైబ్రరీ తలుపుకి తాళం వేసుకున్నట్టు.

అప్పుడు మాలో సాఫ్ట్‌వేర్ పని చేసే ఒకబ్బాయి అన్నాడు, 'ఆంటీ, ఎక్కడికి వెళ్దామన్నా ముందు ఎక్స్‌పోర్ట్ బటన్ ఎక్కడుందో చూడండి. అది లేకపోతే లోపలికే వెళ్లొద్దు' అని. ఎక్స్‌పోర్ట్ అంటే మనం రాసినవన్నీ మూట కట్టి బయటికి తెచ్చుకోవడం. ఊరికే తెచ్చుకుంటే చాలదు, ఆ మూట ఇంకో చోట విప్పితే విడాలి. మేం సర్వర్‌లోంచి తెచ్చుకున్న మూటలో మాటలన్నీ ఉన్నాయి గానీ ఏది దేనికి జవాబో తెలియదు. అవన్నీ మళ్లీ జతచేయడానికే ఏడు నెలలు పట్టింది.

ఇప్పుడు మా రాతలన్నీ మా సొంత పేరుతో తీసుకున్న చోట ఉన్నాయి. డిస్కోర్స్ అనీ, పిహెచ్‌పిబిబి అనీ చర్చావేదికల కోసం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లున్నాయి. వీటిని ఎవరైనా తీసుకుని తమ సర్వర్ మీద పెట్టుకోవచ్చు. సర్వర్ అద్దెకిచ్చేవాళ్లతో పడకపోతే అదే మూట ఇంకో సర్వర్ మీద విప్పుకోవచ్చు. చిరునామా మారదు, సభ్యులకు తెలియను కూడా తెలియదు. శనివారం సాయంత్రాలు ఇంకా ఆ గదుల్లోనే, అది మానలేదు. అక్కడ తేలిన సంగతిని మర్నాడు ఒకరు తీసుకొచ్చి ఇక్కడ పేజీలో రాస్తారు. దానికి వంతులున్నాయి.

ఇది హాయిగా సాగిపోతుందని చెప్పను. స్పామ్ తీయాలి, అప్‌డేట్లు చేయాలి, డొమైన్ పేరు, అంటే మా వెబ్ చిరునామా, ఏటా మర్చిపోకుండా రెన్యువల్ చేయాలి. ఆ పేరు ఒక్క మనిషి ఖాతాలో ఉంటే, ఆ మనిషికి ఏదైనా అయితే మళ్లీ మొదటికొస్తాం. అందుకే దాని తాళాలు ఇద్దరి దగ్గర ఉన్నాయి. బ్యాకప్ మూడు కాపీలు తీస్తాం, అందులో ఒకటి పూర్తిగా వేరే చోట. తీశాం కదా అని ఊరుకోకుండా ఏడాదికోసారి ఒక కాపీని ఉత్త సర్వర్ మీద తెరిచి చూస్తాం. మొదటిసారి తెరిచినప్పుడు మాటలన్నీ వచ్చాయి, ఫొటోలు ఒక్కటీ రాలేదు. ఫొటోల ఫోల్డరుని కలపడం మర్చిపోయి పద్నాలుగు నెలలుగా బ్యాకప్ తీస్తున్నాం!

అందరికీ ఇంత అవసరమా అంటే లేదు. కొత్త బ్యాండు చుట్టూ చేరి, కచేరీ ఎప్పుడు, టికెట్లు ఎక్కడ అని మాట్లాడుకునే వాళ్లకి చాట్ గ్రూపు చాలు. నిరుటి టికెట్ల కబురు ఎవరికి కావాలి? కళాకారులే స్వయంగా అభిమానులని పోగుచేసుకునే చోట్లున్నాయి, బ్యాండ్‌క్యాంప్, పేట్రియాన్ లాంటివి. అక్కడ అభిమానుల ఈమెయిల్ జాబితా కళాకారుడి చేతికి వస్తుందా లేదా అన్నదొక్కటి చూసుకుంటే చాలు. ఎందుకంటే యజమానులు మారుతుంటారు. 2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్‌ని 2022లో ఎపిక్ గేమ్స్ అనే గేముల కంపెనీ కొంది, మరుసటి ఏడాది సాంగ్‌ట్రాడర్ అనే ఇంకో కంపెనీకి అమ్మేసింది. రెడిట్ అనే చర్చల సైటులోనూ సంగీతం గురించి మంచి సంఘాలున్నాయి, పైగా బయటివాళ్లకి వెతికితే దొరుకుతాయి. కానీ 2023 జూన్‌లో బయటి యాప్‌ల దగ్గర వసూలు చేసే ధరల మీద ఆ కంపెనీ తీసుకున్న నిర్ణయానికి, సంఘాల్ని ఊరికే చూసుకునే వేలమంది మోడరేటర్లు తలుపులు మూసి నిరసన తెలిపారు. అయినా నిర్ణయం మారలేదు. జీతం లేకుండా ఇల్లు ఊడ్చినవాళ్లకి ఇంటి మీద మాట ఉండదని అప్పుడు అందరికీ అర్థమైంది.

జీతం లేని పని అంటే నాకు వెంటనే సీడీడీబీ అనే సీడీల డేటాబేస్ గుర్తొస్తుంది. 1990ల్లో కంప్యూటర్‌లో సీడీ పెడితే పాటల పేర్లు కనిపించేవి గుర్తుందా? సీడీలో ఆ పేర్లు ఉండేవి కావు. ఎక్కడో ఎవరో అభిమాని కూర్చుని టైపు చేసి ఆ డేటాబేస్‌కి పంపినవే అవి. అలా లక్షల సీడీలకి జనం ఊరికే టైపు చేశారు. తర్వాత అది కంపెనీ అయింది, 2000లో గ్రేస్‌నోట్ అని పేరు మార్చుకుంది, 2008లో సోనీ దాన్ని 26 కోట్ల డాలర్లకు కొంది. టైపు చేసినవాళ్లకి ఏం దక్కిందో నేను చెప్పక్కర్లేదు. అది అలా కంపెనీ చేతికి పోయిందన్న కోపంతో, సోనీ కొనకముందే, పుట్టిందే మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే డేటాబేస్. అందులో ముఖ్యమైన సమాచారం మీద ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా మొత్తం దించుకోవచ్చు. ఏ పాటలో ఏ వాద్యం ఎవరు వాయించారో నమోదు చేసే వీలుంది. మేం ఖాయం చేసుకున్న పేర్లన్నీ అక్కడ కూడా ఎక్కిస్తాం. రేపు మేం లేకపోయినా, మా సర్వర్ ఆరిపోయినా ఆ పేర్లు ఉంటాయి. మా పేజీల్లో రాతలకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, అంటే ఇతరులు తిరిగి వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతి, పెట్టాం. చేరేటప్పుడే ఆ మాట చదివి ఒప్పుకోవాలి. ఈ ఒప్పుకోలు మొదటిరోజే తీసుకోవాలండీ. పదేళ్ల తర్వాత పాత సభ్యుల్ని వెతికి అడుగుదామంటే, కొందరు దొరకరు, కొందరు ఉండరు.

ఇన్ని తిప్పలు దేనికని మా ఇంట్లోనే అడిగారు. దానికి నా జవాబు ఇది.

మేం చాట్ గ్రూపులో పదకొండుసార్లు మాట్లాడుకున్న ఆ మాండలిన్ పాటే. చరణానికి ముందు వచ్చే చిన్న ముక్క, పదకొండు సెకన్లు. అందరం మాండలిన్ అనుకున్నాం, వాయించి ఉండొచ్చని ఇద్దరి పేర్లు అనుకున్నాం. సొంత చోటికి మారాక ఒక సభ్యుడు దాన్ని నెమ్మదిగా పెట్టుకుని విని పేజీలో ఇలా రాశాడు: 'మాండలిన్‌లో ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. వయొలిన్ లాగే శ్రుతి చేస్తారు. అన్నిటికన్నా కింది జత 196 హెర్ట్జ్. ఈ ముక్క చివర్లో దానికన్నా కింద స్వరం ఒకటి స్పష్టంగా మోగుతోంది. ఆ స్వరం మామూలు మాండలిన్‌లో లేదు. కాబట్టి ఇది మాండలిన్ కాదు.' దానికింద ఒకరు పన్నెండు తీగల గిటార్ అన్నారు, ఒకరు తీగ వదులు చేసి వాయించారన్నారు. తేలలేదు. తేలలేదనే రాసి పెట్టాం, ఎవరెవరు ఏమన్నారో తేదీలతో సహా.

ఎనిమిది నెలల తర్వాత ఒక మెయిల్ వచ్చింది. రాసినావిడ వాళ్ల నాన్నగారి పేరు ఇంటర్నెట్‌లో కొట్టి చూశారట. ఏదీ దొరకదనుకుంటూనే. మా పేజీ వచ్చింది, అందులో మేం అనుకున్న ఇద్దరిలో ఒకటి ఆయన పేరు. 'అమ్మా, ఆ పాటకి నాన్న మాండలిన్ పట్టుకెళ్లలేదు. మాండోలా తీసుకెళ్లారు. చూడ్డానికి మాండలిన్‌కి అక్కలా ఉంటుంది, కొంచెం పెద్దది. అది ఇంకా మా బీరువా మీదే ఉంది' అని రాసి ఫొటో పెట్టారు. మాండోలా శ్రుతి మాండలిన్ కన్నా ఒక పంచమం, అంటే 'స' నుంచి 'ప' దాకా ఉండేంత దూరం, కిందికి ఉంటుంది. మా సభ్యుడు విన్న ఆ కింది స్వరం సరిగ్గా దానిలో ఉంది. ఆవిడ ఇంకో మాట కూడా రాశారు. వాళ్ల నాన్నగారు రేడియోలో ఆ పాట వచ్చినప్పుడల్లా ఆ పదకొండు సెకన్లూ అయ్యేదాకా మాట్లాడేవారు కాదట. ఎందుకో పిల్లలెవరికీ తెలిసేది కాదు.

ఆవిడకి మేం దొరికింది మా దగ్గర తొమ్మిది వందల మంది ఉన్నందుకు కాదు. ఆ పేరు, తాళం లేని ఒక పేజీలో, వెతికితే దొరికేలా రాసి ఉన్నందుకు. చాట్‌లో పదకొండుసార్లు చెప్పిన జవాబు ఒక్కటీ ఆవిడ దాకా వెళ్లలేదు, వెళ్లి ఉండేదీ కాదు.

1985లో మొదలైన 'ద వెల్' అనే ఆన్‌లైన్ సంఘం ఒకటి ఉంది. దాని తొలి రోజుల సందడిలో పెద్ద భాగం గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం అభిమానులదే. చేతులు మారి మారి, చివరికి 2012లో దాని పాత సభ్యులే కొందరు కలిసి దాన్ని కొనేసుకున్నారు. అది చదివిన రోజు మా వాళ్లందరికీ పంపాను. 'మనం కూడా ఇల్లు కొందామా ఆంటీ' అని ఆ సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. కొన్నాం కదా ఒకరకంగా, చిన్నదే అయినా.

మీరు ఈసారి ఇలాంటి వ్యాసం వేస్తే, యాప్‌లు పోల్చే పట్టికలో 'ఎంతమంది పడతారు' అన్న గడి పక్కన ఇంకో రెండు గడులు గీయించండి. మన రాతలు మొత్తం బయటికి తెచ్చుకోగలమా, ఊరూ పేరూ తెలియని మనిషి వెతికితే దొరుకుతాయా అని. వీలైతే ఫోన్ నంబర్లు ఎవరెవరికి కనిపిస్తాయో కూడా ఒక గడి.

ఉత్తరం పొడవైందని తెలుసు. కత్తిరించాల్సి వస్తే నా ఇళ్ల గోడు మొత్తం కత్తిరించేయండి, ఫర్వాలేదు. మాండోలా సంగతి మాత్రం ఉంచండి. ఆవిడ మీ పత్రికే చదువుతారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైబ్రేరియన్
(పేరు, చిరునామా మీ కోసం విడి కాగితం మీద రాశాను. అచ్చు వేయకండి.)